చిటికెడు రాగి

దక్కన్ పీఠభూమిలో ఒక కాపరికి నల్ల గొర్రెల మంద ఉండేది. ఆ ఉన్నితోనే ఇంటిల్లిపాదీ గొంగళ్లు నేసేవారు. కొన్నేళ్లకు ఉన్ని నలుపు తగ్గి తుప్పురంగు తేలింది. మెలి పోయి పోచలు నిటారుగా సాగాయి. పుట్టిన పిల్లల్లో కొన్ని వెనక కాళ్లు నిలవక కూలబడ్డాయి. మేతకు కొరత లేదు, నీళ్లకు కొరత లేదు. కాపరి దిష్టి తీశాడు, దొడ్డి మార్చాడు. లాభం లేకపోయింది.

పశువుల డాక్టరు వచ్చి, నెత్తురు పరీక్ష చేయించి, లోటు రాగిదని తేల్చాడు. గొర్రెకు కిలో ఎండుమేతలో 7 నుంచి 11 మిల్లీగ్రాముల రాగి ఉంటే చాలు. ఆ కాస్తా అందకపోతే ఉన్నికి రంగు పట్టదు, కడుపులోని పిల్లకు నరాలు కుదురుకోవు. ఆయన రాగి కొలిచి కలిపిన ఉప్పు ఇచ్చి వెళ్లాడు. తర్వాతి కోతలో ఒక్కో ఉన్ని పాయ కొస తుప్పురంగులో, మొదలు నల్లగా వచ్చింది. రాగి ఎప్పటినుంచి అందిందో గీత గీసినట్టు తెలిసిపోయింది.

కాపరికి ఆశ పుట్టింది. చిటికెడుకే ఇంత నలుపు వస్తే దోసెడుకు ఎంత రావాలి అనుకున్నాడు. కళ్లెదుట ఫలితం చూసినవాణ్ని మరీ తప్పుపట్టలేం. కొట్లో రాగి ఉండే మైలుతుత్తం కొని, నూరి, చేతికొచ్చినంత ఉప్పులో కలిపి రోజూ పెట్టాడు. నెలలు గడిచాయి. మంద కళకళలాడింది. తోటి కాపరులు గుట్టు అడిగితే చెప్పలేదు. అదీ ఒకందుకు మంచిదే అయింది.

ఒక వానాకాలంలో మందను చాలా దూరం నడిపించాడు. మర్నాటికి కొన్ని గొర్రెల కళ్లు పచ్చబడ్డాయి, మూత్రం ఎర్రగా పడింది. నాలుగు రోజుల్లో సగం మంద పోయింది. డాక్టరు చచ్చిన గొర్రెను కోసి చూస్తే మూత్రపిండాలు నల్లబడి ఉన్నాయి. ఉన్నిలో కోరుకున్న నలుపు అక్కడ తేలింది. ఎక్కువైన రాగిని గొర్రె తేలిగ్గా బయటికి పంపలేదు. కాలేయం దాన్ని నెలల తరబడి దాచి, ఒళ్లు అలిసిన రోజున ఒక్కసారిగా నెత్తురులోకి వదిలేసింది.

లోటు తీరిన చోటే మేలు ఆగిపోతుంది, ఆపైన పెట్టిందంతా లోపల పేరుకుంటుంది. కిక్కురుమనకుండా తీసుకున్నంత మాత్రాన ఒంటబట్టినట్టు కాదని పిల్లల మీద చదువు రుద్దే పెద్దలూ తెలుసుకోవాలి. ఇక గొర్రెలున్నవారికి ఒక మాట: ఆవులు, బర్రెల కోసం తయారైన ఖనిజ మిశ్రమాన్ని గొర్రెలకు పెట్టకండి, అందులో రాగి అవి తట్టుకునేదానికంటే ఎక్కువ ఉంటుంది.