ధ్రువుని వైపు దర్పణము

ఐదేండ్ల ధ్రువుడు ఆరు మాసములలో శ్రీహరిని దర్శించిన కథను మన యిండ్లలో ఎరుగనివారు లేరు. పిల్లలకు కొనియిచ్చిన దర్పణపు టెలిస్కోపును నిలుపుటకును నక్షత్రమైన ఆ ధ్రువుడే ఆధారము. పీఠమునందలి వాలు అక్షమును ఉత్తరమునకు త్రిప్పి, ఊరి అక్షాంశమెంతయో అంత ఎత్తునకు లేపవలెను. తిరుపతిలో అది సుమారు 13½ డిగ్రీలు. కొండ పాదముననున్న యిండ్లవారికి ధ్రువుడు శేషాద్రి చాటున దాగవచ్చును. అట్టివారు దిక్సూచిని నమ్ముదురుగాక. కానరాకున్నను ఆయన అచ్చటనే యున్నాడు గదా!

అద్దము బయటిగాలికి చల్లబడుటకు అరగంటయైనను పట్టును. పిల్లలు తొందరపడుదురు, ఆ కథ చెప్పవలసినది అప్పుడే. పగటివేళ సూర్యునివైపు మాత్రము ఎన్నడును త్రిప్పనీయకుడు, కన్నులు పోవును. శని కనబడు రాత్రులలో ఒక్క మరను మెల్లగా త్రిప్పుచుండిన చాలును, వలయముతోడి ఆ గ్రహము చూపునుండి జారిపోదు.