చావగోరినవాని మంచమునొద్ద



మన మద్నూరు సీమ పత్తియు సోయాయు పండు నేల. సేద్యపు ఇండ్లలో పురుగుమందు డబ్బా మూలనే యుండును. అప్పో అవమానమో మనస్సును కమ్మిన గడియలో అది చేతికందును. అట్టివానిని బాన్సువాడకో, నిజామాబాదుకో, హద్దు దాటి దేగ్లూరుకో చేర్చుదురు. అక్కడ అతని నొడిసిపట్టు మొదటి చేతులలో నర్సమ్మ చేతులుండును.

ఆమె మందు తడిసిన బట్టలు విప్పి, ఒడలు సబ్బుతో కడుగును. వైద్యుని మాటచొప్పున అట్రోపిన్ ఎక్కించి, రొమ్ములో చెమ్మ ఆరినదా, నాడి ఎట్లున్నదని మాటిమాటికి చూచును. అతడు మాత్రము "నన్నెందుకు బ్రతికించెదవు?" అని చేయి విదల్చును. ప్రక్క మంచముమీద పాము కరచిన పిల్లవాడు బ్రతుకుటకై పెనుగులాడుచుండవచ్చును. ఇద్దరికి ఒక్కతే నర్సు. "బ్రతుకగోరువాని విడిచి ఇతనికెందుకు ఈ చాకిరి?" అను తలంపు ఆమెకు రాకుండునా? ఆ తలంపు పాపమా?

కాదనియే నేనందును. అలసిన దేహములో పుట్టు విసుగు వేరు, దానిని చేతలలోనికి రానిచ్చుట వేరు. బుద్ధి వచ్చునని గొట్టము మోటుగా త్రోయుట, పదిమంది వినగా గద్దించుట, ఇవి పాపములు. ఆమె హృదయములో ప్రేమ పొంగినదో లేదో రోగి ఎరుగడు. చేయి మెత్తగా నున్నదా అనునది ఎరుగును.

అతని కోరికను మీరుట న్యాయమా అని చదువుకొన్నవారడుగుదురు. ఆ గడియ కోరిక ఆ మనుష్యుని యావత్తు కోరిక కాదు. బ్రతికి బయటపడినవారిలో ఎక్కువమంది ఆ తరువాత ఆత్మహత్యవలన చనిపోరు. శ్రీలంకలో మిక్కిలి విషమైన పురుగుమందులను నిషేధించిన పిమ్మట, 1990ల నడుమనుండి ఆత్మహత్యలు సగముకంటె తగ్గినవి. మన 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము కూడ అట్టివానిని తీవ్ర వేదనలో నున్నవానిగా ఎంచి, వైద్యము కలిగించుట ప్రభుత్వపు విధి అన్నది.

ఫిలిప్పీ చెరసాల అధిపతి కత్తి దూసినప్పుడు పౌలు కేక వేసి ఆపెను. అప్పటికి పౌలు వీపు గాయములు ఆరలేదు. కాళ్లను బొండలో బిగించినవాడు ఆ అధిపతియే. మనము తలుపులు తెరువబడుటను గూర్చి ప్రసంగించి ఈ కేకను దాటిపోదుము.

నర్సమ్మ పని ఆస్పత్రి గడపతో తీరును. తరువాతి వారములు అపాయమైనవి, అవి మనవి. అతని యింటికి వెళ్లినప్పుడు తీర్పు తీర్చకుడి. ఇంకను చావవలెనని తోచుచున్నదా అని మెల్లగా అడుగుడి. అడిగినంత మాత్రమున ఆ తలంపు క్రొత్తగా పుట్టదు. మందు డబ్బాను పొరుగింట తాళములో పెట్టించుడి. 14416 సంఖ్యకు రుసుము లేకుండ రాత్రింబగళ్లు మాటలాడవచ్చును. అతనికి ఫోను చేయ చేతకానియెడల మీరే కలిపి ఇచ్చి, కొంచెము దూరముగా కూర్చుండుడి.