అడిగినట్టు, విన్నట్టు

ఒక నియమం వల్ల ఎవరి బతుకులు మారతాయో వాళ్లని ముందుగా అడగడం న్యాయమని అందరూ ఒప్పుకుంటారు. అయితే అడగడం అంటే ఏమిటి? విన్నామని ఎవరు చెప్పాలి, విన్నవాళ్లా, మాట్లాడినవాళ్లా? "నిన్నడిగే చేశాను కదా" అన్న మాట ఇళ్లల్లో తరాలుగా విన్నవాళ్లం కాబట్టి ఈ ప్రశ్న మనకి కొత్తది కాదు.

చట్టం చేసేది చట్టసభే అయినా దాని కింద నియమాలు, నోటిఫికేషన్లు రాసేది ప్రభుత్వ శాఖలు. రోజువారీ జీవితాన్ని నేరుగా తాకేవి ఇవే. నియమాన్ని ముందుగా ప్రచురించి తీరాలని చట్టం చెప్పిన చోట, ముసాయిదాని ప్రకటించి, గడువిచ్చి, వచ్చిన అభ్యంతరాలని పరిశీలించాలంటుంది 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 23వ సెక్షన్. అదే సెక్షన్ చివర ఇంకో మాట ఉంది. తుది నియమం గెజెట్‌లో అచ్చయితే, అది సక్రమంగా తయారైందనడానికి ఆ అచ్చే తిరుగులేని రుజువు! విన్నానని అధికారం తనకి తానే రాసిచ్చుకునే కాగితమన్నమాట.

పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌కి కేంద్ర పర్యావరణ శాఖ 2020 మార్చి 23 తేదీతో కొత్త ముసాయిదా తెచ్చింది. ఏప్రిల్‌లో గెజెట్‌లో వచ్చేసరికి దేశమంతా లాక్‌డౌన్‌లో ఉంది. బహిరంగ విచారణకి ముందు ఇచ్చే నోటీసుని 30 రోజుల నుంచి 20కి తగ్గించాలన్నది అందులో ఒక ప్రతిపాదన. ఆ తగ్గింపు తగిలేది పల్లెల్లోని స్త్రీలకి. ముసాయిదా ఉన్నది ఇంగ్లీషులో, హిందీలో. జూన్ 30న ఢిల్లీ హైకోర్టు గడువుని ఆగస్టు 11 దాకా పెంచి, ఎనిమిదో షెడ్యూలు భాషల్లోకి అనువదించమంది. కేంద్రం ఆ ఆదేశాన్ని సుప్రీంకోర్టులో సవాలు చేసింది. అనువాదాన్ని సాహిత్యకారుల వ్యవహారంగా చూడటం మనకి అలవాటు. ఇక్కడ మాత్రం అభ్యంతరం చెప్పే హక్కే దాని మీద ఆధారపడి ఉంది.

ముసాయిదా తేదీకి అయిదు రోజుల తర్వాత, మార్చి 28న, మరో సవరణ ఎవర్నీ అడక్కుండానే వచ్చింది. రోడ్లు, పైపులైన్ల వంటి ప్రాజెక్టులకి మట్టి తవ్వుకోవడానికి ముందస్తు పర్యావరణ అనుమతి అక్కర్లేదంది. ప్రజాప్రయోజనం కోసమైతే నోటీసు లేకుండా చేయొచ్చన్న వెసులుబాటు 1986 నియమాల్లో ఉంది. లాక్‌డౌన్‌లో అంత తొందర ఎందుకొచ్చిందో చెప్పలేదంటూ 2024 మార్చిలో సుప్రీంకోర్టు ఈ మినహాయింపుని కొట్టేసింది. నియమాన్ని వెనక్కి తీసుకోవచ్చు. నాలుగేళ్లలో తవ్విన మట్టిని తీసుకురాలేం.

సరే, అడిగినప్పుడైనా ఏం జరుగుతోంది? 2006 నోటిఫికేషన్ ప్రకారం బహిరంగ విచారణకి కోరం అక్కర్లేదు. ఒక్క స్త్రీ రాకపోయినా విచారణ జరిగినట్టే. వచ్చి చెరువునీ, మేతనీ, పొయ్యిలో కట్టెల్నీ, పసిబిడ్డ దగ్గునీ ఒక్క ఊపిరిలో చెప్పినా, మినిట్స్‌లో అది 'నీటి సమస్య' అయిపోవచ్చు. నివేదికకి కావలసింది అంశం, అనుభవం కాదు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ పోరాటంలోని స్త్రీల జ్ఞాపకాలని వాళ్ల మాటల్లోనే నిలబెట్టింది. మాటని ఎలా నమోదు చేయాలన్నది అక్కడ రాజకీయ ప్రశ్న అయింది. ప్రభుత్వ కచేరీలో ఆ ప్రశ్న ఇంకా గుమస్తా పనిగానే ఉంది.

అందర్నీ అడుగుతూ కూర్చుంటే పనులెప్పుడవుతాయని అడుగుతారు. అందరూ చెప్పిందల్లా ఒప్పుకోమని ఎవరూ అనడం లేదు. ముసాయిదాని కనీసం 30 రోజులు ప్రజల ముందుంచాలనీ, వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని వెబ్‌సైట్‌లో పెట్టాలనీ 2014లో కేంద్రం ఒక విధానం ప్రకటించింది. అది చట్టం కాదు. పైగా ఆ సారాంశం రాసేదీ ఆ శాఖే.

నా దృష్టిలో వినడానికి రుజువు జవాబే. కాదనే అధికారం శాఖకి ఉంటే ఉండనివ్వండి. ఎందుకు కాదన్నదో, అడిగిన స్త్రీ భాషలో, ఆమె చెప్పిన మాటనే ఎదురుగా పెట్టుకుని చెప్పాలి. అంతవరకూ గెజెట్ చెప్పేది అచ్చువేశామని మాత్రమే.