కొండ ఎక్కింది ఎవరు?

ఈసారి గుడి గురించి కాదు, ఒక కొండ గురించి. టాంజానియాలోని కిలిమంజారో, ఎత్తు 5,895 మీటర్లు. పోయిన ఏడాది ఇద్దరు ఆఫీసు మిత్రులతో కలిసి మచామే దారిలో ఏడు రోజులు నడిచాను.

అది అగ్నిపర్వతం. షిరా, మావెంజీ చల్లారిపోయాయి, కిబో ఇంకా నిద్రలో ఉంది అంటారు. భూమధ్యరేఖ దగ్గరే కాబట్టి కింద ఉక్కపోత, పైన మంచు. మొదటి రోజంతా దట్టమైన అడవి, నాచు పట్టిన చెట్లు, బురద. రెండో రోజుకి చెట్లు పోయి పొదలు మిగిలాయి. 4,000 మీటర్ల దరిదాపుల్లో సెనీసియో అనే వింత చెట్టు కనిపిస్తుంది. ఎండిన ఆకుల్ని రాల్చకుండా కాండం చుట్టూ కంబళిలా ఉంచుకుంటుంది, రాత్రి గడ్డకట్టే చలికి. దాన్ని చూస్తూ చాలాసేపు నిలబడిపోయాను. ఇంకా పైకెళ్తే అదీ లేదు, లావా రాళ్లూ బూడిద మట్టీ. శిఖరం దగ్గర గాలి పీడనం మన ఊళ్లో ఉండేదాంట్లో సగమే.

నేల మారినప్పుడల్లా నా ఒంటిమీద బట్టలు మారాయి. రెయిన్‌కోటు, ఉన్ని టోపీ, లావుపాటి జాకెట్టు. ఆ చెట్టు తన దుప్పటి తనే మోసుకుంటోంది. నాది మాత్రం ఒక పోర్టర్ నెత్తిమీద వచ్చింది. ఒక్కొక్కరికి 20 కిలోలు మించకూడదని పార్కు నియమం, తూకం కూడా వేస్తారు. పొద్దున మా వెనకాల టెంట్లు పీకి, మమ్మల్ని దాటిపోయి, మేం చేరేసరికి మళ్లీ వేసి ఉంచేవాళ్లు. శిఖరం ఎక్కే రాత్రి మాతో గైడ్లే వచ్చారు. పోర్టర్లు కింద క్యాంపులోనే ఉండిపోయారు. ఫొటోలో వాళ్లు లేరు.

ఆ ఫొటో చూసి మా బాబాయి "ఇదంతా నీ కష్టమేరా" అన్నారు. నిజమేనా?

మా నాన్నగారు 41 రోజులు దీక్ష చేసి శబరిమల వెళ్తారు. అక్కడ ముసలివాళ్లు డోలీలో వెళ్లినా తప్పుపట్టరు, కానీ ఇరుముడి ఎవరిది వాళ్లదే. అది లేకుండా 18 మెట్లు ఎక్కనివ్వరు. అంటే ఏ బరువు ఇంకొకరికి ఇవ్వొచ్చో, ఏది ఇవ్వకూడదో మన పెద్దలు ఆలోచించే పెట్టారు. కిలిమంజారోలో ఆ గీత ఎక్కడ గీయాలి?

"కూలి ఇచ్చాం కదా" అని నా మిత్రుడి వాదన. అసలు ఎవరూ వెళ్లకపోతే వాళ్లకి పనే ఉండదు, అదీ నిజమే. కానీ కూలి ఇస్తే మోత కొన్నట్టు, "నేనే ఎక్కాను" అనే హక్కు కూడా కొన్నట్టా? నాకు అలా అనిపించదు. గీత 18వ అధ్యాయంలో ఏ పనికైనా ఐదు కారణాలు చెప్పారు. కర్త వాటిలో ఒకడు మాత్రమే. ఇదివరకు అది వేదాంతం అనుకునేవాణ్ణి, అక్కడ మాత్రం లెక్కలా కనిపించింది. మా ఆఫీసులో ఏ లైను కోడ్ ఎవరు రాశారో పేరుతో సహా ఉంటుంది. కొండకి ఆ రికార్డు లేదు. 1889లో తొలిసారి శిఖరం చేరినవాళ్లుగా హన్స్ మేయర్, లుడ్విగ్ పుర్ట్‌షెల్లర్ పేర్లే అందరూ చెబుతారు. సామాను మోసిన చాగా మనుషుల పేర్లు ఎంతమందికి తెలుసు?

మా టీంలో ఇంకొకతను వచ్చే ఏడాది వెళ్తానని సామాన్ల లిస్టు అడిగాడు. పంపాను. ప్రతి వస్తువు పక్కన దాని బరువు, అది ఎవరు మోయాలో కూడా రాశాను. కెమెరా ట్రైపాడ్ ఎదురుగా అతని పేరే ఉంది. ఇంకా ఫోన్ చేయలేదు.