తల్లిదేనా తప్పు?



ఏడాది నిండిన బిడ్డ బక్కచిక్కి కనిపిస్తే చాలు, "బిడ్డకు తిండి పెట్టడం చేతకాని తల్లి" అనేస్తాం. బరువు తూచినవారంటారు, అత్తగారంటారు, ఇరుగుపొరుగువారంటారు. ఆ మాట న్యాయమేనా? ఈ వారం కాస్త నిదానంగా ఆలోచిద్దాం.

ఆరు నెలల వరకు బిడ్డకు తల్లిపాలు చాలు. మంచినీళ్ళు కూడా అక్కరలేదు. ఆ తరువాత పాలు మానకూడదు, కానీ పాలు ఒక్కటే చాలవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఆరు నెలలు దాటిన బిడ్డకు పాలు కాక రోజుకు దాదాపు 200 కేలరీలు, తొమ్మిది నెలలు దాటితే 300, ఏడాది దాటితే 550 కేలరీలు కావాలి. ఆ చిన్ని పొట్టలో ఒక్కసారిగా అంత పట్టదు. అందుకే మొదట రోజుకు రెండు మూడుసార్లు, తరువాత మూడు నాలుగుసార్లు పెట్టాలి. పల్చటి గంజితో పొట్ట నిండుతుంది గాని బలం రాదు. పప్పన్నం మెత్తగా మెదిపి, నూనె చుక్క వేసి, గుడ్డో ఆకుకూరో కలిపి, బిడ్డతో కబుర్లు చెబుతూ, ఉమ్మేస్తే ఓర్చుకుని మళ్ళీ పెట్టాలి. పప్పూ బియ్యం సరే, ఇందులో అసలు దినుసు సమయం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలిందేమిటంటే, మన దేశంలో ఆరు నెలలు నిండి రెండేళ్ళు నిండని పిల్లల్లో కనీస స్థాయి ఆహారం అందుతున్నది నూటికి 11 మందికే. అంటే పదిమంది తల్లుల్లో తొమ్మిదిమంది చేతకానివారా? అంతమందిని ఒకే తప్పు పట్టుకుందంటే, తప్పు మరెక్కడో ఉందని అనుమానించడం తెలివైన పని.

తెలియక పెట్టడం లేదంటారా? కొంత నిజమే. అన్నప్రాశన ఘనంగా చేసి, మర్నాటి నుంచి "పళ్ళు రాలేదు, అరగదు" అని మళ్ళీ పాలతోనే నెట్టుకొచ్చే ఇళ్ళు మన క్రైస్తవ కుటుంబాల్లోనూ ఉన్నాయి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ గోధుమలు, శనగపప్పు, వేరుశనగలు, బెల్లంతో పిల్లల కోసం 'హైదరాబాద్ మిక్స్' తయారుచేసి దశాబ్దాలైంది. అందులో మన వంటింటికి తెలియని వస్తువు ఒక్కటీ లేదు. అదే సంస్థవారు నల్గొండ జిల్లా పల్లెల్లో జరిపిన, 2013లో ప్రచురించిన పరిశీలనలో, ఊరి స్త్రీలకే శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపి తల్లులకు చెప్పిస్తే పిల్లల తిండి మెరుగైంది. కాబట్టి నేర్పడం వృథా కాదు. కాని అక్కడ నేర్పినవారు గడప తొక్కి వచ్చి పక్కన కూర్చున్నారు, దూరం నుంచి వేలెత్తి చూపలేదు.

ఇప్పుడు మిర్చి కోతకు వెళ్ళే తల్లిని తలచుకోండి. తెల్లవారకముందే వంట ముగించి ఆటో ఎక్కుతుంది. బిడ్డ నాయనమ్మ దగ్గరో, బడి మానిన అక్క దగ్గరో ఉంటుంది. ఏడిస్తే టీలో ముంచిన బిస్కెట్టో, ఐదు రూపాయల చిప్స్ పొట్లమో! పొద్దుగూకాక తల్లి వస్తుంది. ఎన్నిసార్లు కడిగినా మంట పోని ఆ చేతులతో బిడ్డ నోట్లో ముద్ద పెట్టగలదా?

చేయగలిగినప్పుడే "చేయవలసింది" అన్న మాటకు అర్థముంటుందని తత్వవేత్త కాంట్ బోధించాడు. పునీత తోమాస్ అక్వీనాస్ కూడా, చేయవలసినదీ చేయగలిగినదీ చేయనప్పుడే అది పాపమవుతుందన్నారు. మన భాషకే ఈ తేడా తెలుసు. ఉపవాసమున్నవాడూ తినలేదు, పస్తున్నవాడూ తినలేదు. కాని రెంటికీ మనం వేరు మాటలు పెట్టుకున్నాం. ఆర్థికవేత్త అమర్త్య సేన్ తన వాదానికి ఈ తేడానే ఆధారం చేసుకున్నారు: ఒకడికి ఎంచుకునే స్వేచ్ఛ ఉంది, రెండోవాడికి లేదు. తీరిక ఉండి కూడా బిడ్డకు పొట్లం చేతికిచ్చే తల్లినీ, మిర్చి తోటలో ఉన్న తల్లినీ ఒకే మాటతో ఎలా కొలుస్తాం?

అయితే ఎవరి తప్పూ లేదా? అలా అనలేదు. తల్లి భుజం మీదనుంచి దించిన బరువు గాలిలో కలిసిపోదు. 2017 సవరణతో ఉద్యోగినులకు 26 వారాల జీతంతో కూడిన సెలవు వచ్చింది. రోజు కూలికి వెళ్ళే తల్లికి ఆ సెలవు లేదు. 2005 ఉపాధి హామీ చట్టంలో, పనిచోటికి ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురు వస్తే చూసుకోవడానికి ఒక స్త్రీని పెట్టాలని రాశారు. ఎన్ని చెరువు గట్ల మీద ఆమెను చూశారు మీరు? అంగన్‌వాడీ ఇచ్చే బాలామృతం చిన్నబిడ్డ పేరిట వస్తుంది. ఇంట్లో ముగ్గురుంటే తల్లి ముగ్గురికీ పంచుతుంది. అది కూడా తప్పంటారు! ఇక తండ్రి సంగతి? తన కంచంలో గుడ్డు పడిందో లేదో చూసుకునేవాడు బిడ్డ గిన్నెలోకి తొంగిచూస్తాడా? ఈ విషయంలో అతణ్ణి ఎవరూ నిలదీయరెందుకో!

మిర్చి కోతలు రెండు మూడు నెలలు. ఆ కాలంలో ఊళ్ళో ఒక గది తెరిచి, ఇద్దరు పెద్దావిడలు పిల్లలకు వండి తినిపించడానికి ఎంత ఖర్చవుతుందో పంచాయతీ పెద్దలూ, తోటల రైతులూ కలిసి ఒకసారి లెక్క వేయాలి. ఆ పెద్దావిడల కూలి కూడా ఆ లెక్కలో ఉండాలి. ఈ పని కూడా ఊరికే చేసిపెట్టమని మళ్ళీ ఆడవాళ్ళనే అడగడం నాకిష్టం లేదు.