అభయమునకు అభ్యాసము

ధైర్యము కలిగిన పిమ్మట కార్యమునకు పూనుకొనవలెనా, లేక పూనుకొనుటచేతనే ధైర్యము కలుగునా?

గదిలో ట్రెడ్‌మిల్ యంత్రముపై నిత్యము పరుగిడువాడు వీథిలో పరుగిడుటకు జంకుట కలదు. కాళ్లలో బలము లేక కాదు. యంత్రముపై ఎదురుగాలి లేదు, గతుకులు లేవు, చూచువారును లేరు. వీథిలో ఇవి యన్నియు గలవు. వానిలో పరుల చూపే అతనిని మిక్కిలి వెనుకకు లాగును. 1818లో ఇంగ్లండున విలియం క్యూబిట్ త్రొక్కుడు యంత్రమును చెఱసాలలోని ఖైదీలకై కల్పించెను. నాడు ఖైదీని బంధించినది గోడ. నేడు ఇతనిని బంధించునది ‘నలుగురు నవ్వుదురేమో’ యను శంక. దానికి మూలము దేహాభిమానము.

ఖరగ్‌పూరు రైల్వే కర్మాగారమున తెలుగువారు తరతరములుగా పనిచేయుచున్నారు. మరమ్మతు పొందిన బండి కర్మాగారములో నిలిచియుండిన చాలదని వా రెఱుగుదురు. పట్టాలపై బరువుతో నడచిననే దాని దార్ఢ్యము తేలును. అట్లని కర్మాగారము వ్యర్థము కాదు. భాష వేఱైన వంగభూమియు వారికి నివసింపగా నివసింపగానే స్వస్థలమైనది.

మనోనిగ్రహమునకు గీత చూపిన సాధనములు అభ్యాస వైరాగ్యములు. తెల్లవాఱుజామున పరిచితమైన వీథిలో కొంత నడచి, కొంత పరుగిడి, దినదినము దూరమును పెంచుట అభ్యాసము. చూచువారి నవ్వును, మెప్పును సమముగా విడుచుట వైరాగ్యము.

జపమున లభించిన శాంతియు ఇట్టిదే. పూజాగృహమున అది పెంపొందును. సంతలో పరుషవాక్యము చెవి సోకినపుడు దాని నిజము తెలియును. తలుపు తెఱచి వెలుపల అడుగిడనివాడు తన బలమును తానే యెఱుగడు.