అంగడి వీధిలో నిలిచినవారు



ద్రాక్షతోట పనివారి ఉపమానం (మత్తయి 20:1-16) మనం ఎన్నోసార్లు విన్నాం. పొద్దున్నే చేరినవారి సణుగుడును గురించి, యజమాని ఉదారతను గురించి ప్రసంగాలూ విన్నాం. కాని సాయంత్రం ఐదు గంటలదాకా అంగడి వీధిలో నిలబడిన కూలీల ముఖాలను ఎప్పుడైనా తలచుకున్నామా? ఎందుకిలా ఊరకే నిలిచారని యజమాని అడిగితే వారు చెప్పిన కారణం ఒక్కటే: తమను ఎవరూ పనికి పిలువలేదని. వారు సోమరులు కారు. సోమరి అయితే ఎండెక్కక ముందే ఇంటికి వెళ్లి పడుకునేవాడు.

ఒక ఆదివారం దివ్యబలిపూజ ముగిశాక ఒక అమ్మాయి గుడి వసారాలో నాకోసం నిలబడి ఉంది. నాలుగేళ్లు బి.ఎస్సీ. నర్సింగ్ చదివింది. నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదైంది. చదువుకోసం తండ్రి ఉన్న ఎకరం తాకట్టు పెట్టాడు. ఎనిమిది నెలలుగా బయోడేటా పట్టుకుని ఆసుపత్రుల చుట్టూ తిరుగుతోంది. అన్నిచోట్లా ఒకటే ప్రశ్న: "ఎక్స్‌పీరియెన్స్ ఎంత?" లేదంటే, "తరువాత కబురు చేస్తాం" అంటారు. ఆ కబురు రాదు.

"పని ఇస్తేనే గదా ఫాదర్, అనుభవం వచ్చేది!" అంది. తరువాత తలదించుకుని అసలు సంగతి చెప్పింది. ఒకచోట డబ్బు కడితే రెండేళ్లు పనిచేసినట్టు సర్టిఫికెట్ ఇస్తారట. "తీసుకోమంటారా ఫాదర్?"

వద్దమ్మా అన్నాను. దొరికిపోతావన్న భయంతో చెప్పిన మాట కాదది. రాత్రి రెండు గంటలకు వార్డులో ఒక రోగికి ఊపిరి అందదు. రెండేళ్ల అనుభవం ఉందని నమ్మి ఆ వార్డును నీ ఒక్కదాని చేతిలో పెట్టి ఉంటారు. అప్పుడు ఆ కాగితం అబద్ధం చెప్పేది ఆఫీసుతో కాదు, మంచంమీద ఉన్న మనిషితో. "నాకిది రాదు, చూపించండి సిస్టర్" అని అడిగే స్వేచ్ఛ కొత్త నర్సుకు ఉంటుంది. నీవు డబ్బిచ్చి కొనే కాగితం ఆ స్వేచ్ఛనే నీ దగ్గరనుంచి లాగేసుకుంటుంది.

అయితే ఆ అమ్మాయికి నీతి చెప్పి పంపితే మన బాధ్యత తీరదు. ఉపమానంలో యజమాని ఏం చేశాడు? కబురు చేస్తానని ఇంట్లో కూర్చోలేదు. ఆ ఒక్కరోజులో ఐదుసార్లు తానే బయలుదేరి వెళ్లాడు. మీరేం చేయగలరని ఎవరినీ నిలదీయలేదు. పనిలోకి పిలిచాడు.

మన గుంటూరు చరిత్రే చూడండి. ఆస్ట్రేలియాలో డాక్టరుగా ఉన్న మేరీ గ్లౌరీ 1920లో ఇక్కడికి వచ్చి జె.ఎం.జె. సభలో మఠకన్య అయ్యారు. స్థానిక స్త్రీలకు మందులు కలపడం, కాన్పులు చేయడం, రోగుల సేవ నేర్పించి తనకు తోడుగా నిలుపుకున్నారు. ఆ స్త్రీలు అనుభవంతో వచ్చినవారు కారు, పక్కన నిలబడి నేర్చుకున్నవారు. 1943లో కథోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించింది కూడా ఆమే.

ఆసుపత్రులు నడిపే పెద్దలారా, ప్రతి వార్డులో ఒక కొత్త బిడ్డకు చోటివ్వండి, పక్కన ఒక సీనియర్‌ను నిలపండి. జీతం దగ్గర చేయి ముడవకండి. చివర వచ్చినవానికి కూడా యజమాని పూర్తి దీనారమే ఇచ్చాడు. సుప్రీంకోర్టు ఆదేశంపై ఏర్పడిన నిపుణుల సంఘం, 50 పడకలలోపు ప్రైవేటు ఆసుపత్రిలోనైనా నర్సు జీతం నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదని 2016లోనే సిఫారసు చేసింది.

కొత్తగా చదువు ముగించిన బిడ్డలారా, అంగడి విడిచి వెళ్లకండి. పెద్ద ఆసుపత్రి గేటు తెరుచుకోకపోతే చిన్న ఆసుపత్రి తలుపు తట్టండి. మీకు చదువు చెప్పిన మేడమ్‌లను సిగ్గుపడక అడగండి. పనిలో చేరేటప్పుడు నియామక పత్రం రాతపూర్వకంగా తీసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి బీరువాలోనూ వదలకండి. విదేశాలకు వెళ్లదలిస్తే ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అనే ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి. దళారుల చేతిలో డబ్బు పోయకండి.

విచారణలోని మనమందరం కూడా ఒక పని చేయగలం. గుడి దగ్గర ఆ పిల్ల కనబడితే "ఇంకా ఉద్యోగం రాలేదా?" అని అడగడం మానుదాం. "ఫలానా చోట నర్సులు కావాలంట, రేపు నేనూ వస్తాను పద" అందాం.

ఇది రాసేనాటికి ఆ అమ్మాయికి పిలుపు రాలేదు. ఆ సర్టిఫికెట్‌నూ ఆమె కొనలేదు. ఉపమానంలో చివరి పిలుపు వచ్చింది సాయంత్రం ఐదు గంటలకని గుర్తుంచుకుందాం. ఆ పిలుపు మనలో ఎవరి నోటినుంచి రావలసి ఉందో ఆలోచిద్దాం.

పనికోసం ఎదురుచూస్తున్న ప్రతి బిడ్డనూ ప్రభువు దీవించి, నిజాయితీలో నిలుపును గాక! ఆమెన్.